పాఠాలు తయారుచేసే ఉద్యోగం: నేర్చుకునేటప్పుడు మోసే బరువు ఎవరిది?

డిగ్రీ చేతికొచ్చాక ఏం చేయాలన్న ప్రశ్నకు మన వాడల్లో వినిపించే జవాబులు కొన్నే. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ ఉద్యోగం, కాకపోతే అమీర్‌పేటలో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు. ఈ జాబితాలో కనిపించని పని ఒకటుంది. అదే ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్. బ్యాంకులో కొత్తగా చేరిన ఉద్యోగికి, ఆస్పత్రిలో నర్సుకు, ఫ్యాక్టరీలో కార్మికుడికి పని నేర్పే శిక్షణ కోర్సులను తయారుచేయడమే ఈ పని. హైదరాబాద్, బెంగళూరు ఐటీ సంస్థల శిక్షణ విభాగాల్లో, ఈ-లెర్నింగ్ కంపెనీల్లో, కొన్ని స్వచ్ఛంద సంస్థల్లో ఈ ఉద్యోగాలు ఉంటాయి. ఫలానా డిగ్రీయే ఉండాలన్న పట్టింపు తక్కువ. బీఈడీ, జర్నలిజం, సోషల్ వర్క్ చదివినవాళ్లూ ఇందులోకి వస్తున్నారు. కోడింగ్ రాకపోయినా మొదలుపెట్టవచ్చు. మనం చేసి చూపించే నమూనా పాఠాలు, అంటే పోర్ట్‌ఫోలియో ముఖ్యం.

పని ఎలా సాగుతుంది?

ఈ రంగంలో ఎక్కువగా వినిపించే పద్ధతి ‘యాడీ’. దీని మూలాలు 1970ల మధ్యలో అమెరికా సైన్యం శిక్షణ కోసం ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో జరిగిన కృషిలో ఉన్నాయి. విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అనే ఐదు దశలు ఇందులో ఉంటాయి. మనకు తెలిసిన ఉదాహరణతో చూద్దాం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గురించి ఊళ్లో యువతకు పది నిమిషాల పాఠం చేయాలనుకుందాం. మామూలుగా మనం 1989లో చట్టం రావడం దగ్గర మొదలుపెట్టి సెక్షన్లన్నీ చదువుతాం. అందరూ తలూపుతారు. కానీ స్టేషన్‌లో ఎస్సై ‘ముందు విచారించి చూస్తాం, తర్వాత రండి’ అనగానే వెనక్కి వచ్చేస్తారు.

డిజైనర్ వేరే ప్రశ్నతో మొదలుపెడతారు: ఈ పాఠం అయ్యాక మనిషి స్టేషన్‌లో ఏం చేయగలగాలి? అప్పుడు అవసరమైన విషయాలు మూడే మిగులుతాయి. 2018 సవరణతో వచ్చిన 18ఎ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్ నమోదుకు ప్రాథమిక విచారణ అవసరం లేదు. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, సంతకం తీసుకునే ముందు చదివి వినిపించాలి. నకలు ఇవ్వాలి. ఇక స్టోరీబోర్డు రాయాలి. ‘ఎస్సై ఇలా అన్నారు, మీరేమంటారు?’ అని అడిగి మూడు జవాబులు ఇవ్వాలి. తప్పు జవాబు ఎంచుకుంటే అది ఎందుకు తప్పో వెంటనే చెప్పాలి.

తయారైన పాఠాన్ని ముందు ఇద్దరు ముగ్గురికి ఇచ్చి చూస్తారు. అందరూ ఒకేచోట ఆగిపోతే, లోపం వాళ్లలో వెతకరు. పాఠాన్ని మారుస్తారు. నేర్చుకునేవాళ్లు తడబడితే ముందు పాఠాన్ని అనుమానించడం ఈ వృత్తి నేర్పే పెద్ద సంగతి.

ఈ సూత్రం మనకు వర్తించదా?

ఇతరుల విషయంలో ఇలా ఆలోచించే మనం, మన విషయానికొచ్చేసరికి తిరగబడతాం. వారంలో ఒక సాఫ్ట్‌వేర్ పట్టుబడకపోతే ‘నా వల్ల కాదు’ అనుకుంటాం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లకు ఇంకో భయం కూడా ఉంటుంది. తప్పు చేస్తే ‘కోటా వాళ్లు ఇంతే’ అంటారని. ఆ ఒత్తిడి మనకు మనమే పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది బయటి నుంచి వచ్చి లోపల స్థిరపడినది.

కర్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లో చేసిన అధ్యయనం 2004లో ప్రపంచ బ్యాంకు పత్రంగా వచ్చింది. ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు దళిత, అగ్రకుల పిల్లల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందు కులం ప్రకటించాక దళిత పిల్లల ఫలితాలు పడిపోయాయి. తెలివి మారలేదు, గది మారింది.

కొత్త విషయాన్ని పట్టుకునే స్వల్పకాలిక జ్ఞాపకానికి పరిమితి ఉంటుంది. 1988లో జాన్ స్వెల్లర్ ముందుకు తెచ్చిన ‘కాగ్నిటివ్ లోడ్’ సిద్ధాంతానికి ఇదే పునాది. ఆందోళన ఆ కొద్దిపాటి చోటును ఆక్రమిస్తే పాఠానికి చోటు తగ్గుతుంది.

బరువు దించుకునే దారులు

అన్ని టూల్స్ ఒకేసారి మొదలుపెట్టొద్దు. హెచ్5పి, మూడుల్ ఉచితం. వాటిలో ఒకటి చాలు. ఆర్టిక్యులేట్ స్టోరీలైన్ ఖరీదైనది, కొద్ది రోజుల ఉచిత ట్రయల్ ఉంది. స్టోరీబోర్డు కాగితం మీద పూర్తయ్యాకే ఆ ట్రయల్ తెరిస్తే రోజులు వృథా కావు. ‘ఈ నెల డిజైన్ నేర్చుకోవాలి’ అన్నది కొలవలేని లక్ష్యం. ‘ఈ వారం ఐదు స్లైడ్ల పాఠం రాయాలి’ అన్నది పూర్తి చేయగలిగే పని. మొదటి నమూనా తెలుగులోనే చేద్దాం, ఇంగ్లిష్ రూపం తర్వాత రాద్దాం. అడిగిన ప్రశ్నకు ఎవరూ నవ్వని నలుగురైదుగురు తోడుంటే ఇంకా మంచిది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యం, ఇంటర్వ్యూలో ఇంటిపేరు ఆరా, ల్యాప్‌టాప్ లేకపోవడం మాత్రం మనసు తేలిక చేసుకుంటే పోయేవి కావు. వాటిని సంఘటితంగానే ఎదుర్కోవాలి. ఆ పోరాటం పూర్తయ్యేదాకా నేర్చుకోవడం ఆపనక్కర్లేదు, నెమ్మదిగా నేర్చుకున్నందుకు సిగ్గుపడనక్కర్లేదు. ఈసారి ఎక్కడైనా ఆగిపోతే ‘నాలో ఏం లోపం?’ అని కాకుండా ‘ఈ పాఠంలో ఏ మెట్టు తప్పిపోయింది?’ అని అడుగుదాం. ఆ మెట్టు కనిపెట్టి కట్టగలిగిన రోజు, మనం ఈ వృత్తిలోకి అడుగుపెట్టినట్టే.