ఎడారిలో బిడ్డ: ‘పాపం పసివాడు’ చిత్రంలో అరణ్యభావన

తెలుగువారి కథా సంప్రదాయంలో అడవిపాలైన పిల్లవాడు నిజానికి ఒంటరివాడు కాడు. సవతితల్లి మాటకు నొచ్చుకొని వెళ్లిన ధ్రువునికి నారదుడు ఎదురవుతాడు. లవకుశులకు వాల్మీకి ఆశ్రమమే ఇల్లు. చిత్తూరు సీమలో శ్రీకాళహస్తి క్షేత్రంతో పెనవేసుకొన్న తిన్నని కథలోనైతే అడవి పరాయిచోటు కానే కాదు, బోయబిడ్డకు అది పుట్టిల్లు. 1972లో వి. రామచంద్రరావు దర్శకత్వంలో వెలువడిన ‘పాపం పసివాడు’ ఈ ఆసరాలన్నింటినీ తొలగించి, పిల్లవాణ్ణి ఎడారి నడుమ నిలబెట్టింది.

ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడే సంపన్నుల బిడ్డ చిన్న విమానంలో ప్రయాణమవుతాడు. విమానం కూలుతుంది, దానిని నడిపిన బంధువు మరణిస్తాడు. మిగిలింది పిల్లవాడు, అతని కుక్క, ఇసుక. ఈ కథకు మూలం అంతకు కొద్దికాలం ముందు జేమీ యూయిస్ తీసిన దక్షిణాఫ్రికా చిత్రం. అందులో తండ్రి పాత్రను దర్శకుడే ధరించగా, కొడుకుగా ఆయన సొంత కుమారుడే నటించాడు. బిడ్డ ఎలా బతికి బయటపడతాడన్నది అక్కడ ప్రధాన ప్రశ్న. తెలుగులో ప్రశ్న మారింది: బిడ్డ లేని ఇల్లు ఎలా నిలుస్తుంది? కథ ఎడారికీ ఇంటికీ మధ్య తిరుగుతూ ఉండటం వల్లనే ఇది సాహసగాథగా కాక కుటుంబకథగా స్థిరపడింది.

ఈ మార్పులోని బలం ఎస్.వి. రంగారావు పాత్రలో కనిపిస్తుంది. ‘పాతాళభైరవి’ (1951)లో మాంత్రికుడిగా, ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడిగా కోరినదాన్ని క్షణంలో రప్పించిన నటుడాయన. ఆ భారీ విగ్రహమే ఇక్కడ తన బిడ్డ ఎక్కడున్నాడో తెలియక తల్లడిల్లుతుంది. సంపద ఉంది, పలుకుబడి ఉంది, వెతికే మనుషులున్నారు. ఇసుక మాత్రం జవాబు చెప్పదు. దేవిక పోషించిన తల్లి పాత్ర ఆ నిస్సహాయతకు కన్నీటి రూపం.

సత్యం సంగీతంలో పి. సుశీల పాడిన పాటను గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తల్లిదండ్రులను చూడాలన్న బిడ్డ ఆరాటమే ఆ పాట. ఊపిరాడని రోగి, దాహంతో నోరెండినవాడు ఎడారిలో పాడగలడా అన్న ప్రశ్న సహజమే. కాని వాస్తవికత కొలతతో దీనిని లోపమని తేల్చడం తొందరపాటు. వినే మనిషి లేనిచోట సంభాషణ సాగదు. కుక్కతో ఆడే మాటలు కొంతదూరమే నడుస్తాయి. పిల్లవాని మనసులోని మాట ఇంటిని చేరడానికి తెలుగు సినిమాకు తెలిసిన దారి పాటే. తెరమీది తల్లికి వినిపించని ఆ పిలుపు ప్రేక్షకులలోని తల్లులకు వినిపించింది.

పురాణబాలురు అడవినుండి ఏదో ఒకటి సాధించుకొని వస్తారు. ధ్రువునికి వరం దక్కింది, లవకుశులకు తండ్రి గుర్తింపు దక్కింది. ఈ పసివానికి ఎడారి ఇచ్చినదేమీ లేదు. వెళ్లినప్పుడు ఎవరి బిడ్డో, తిరిగివచ్చినప్పుడూ వారి బిడ్డే. తల్లిదండ్రులు వాణ్ణి అక్కున చేర్చుకోవడంతో కథ ముగుస్తుంది.