కార్డులో ఉంది, టైమ్‌లైన్‌లోకి రాదు

సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే వీడియో తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. తిరుపతిలో తెల్లవారుజాము ముహూర్తం ఉన్న పెళ్లికి రెండు కెమెరాలు ఐదేసి గంటలు తిరిగితే 450 జీబీ. అందులో జీలకర్ర-బెల్లం ఉన్న ఒక్క ఫైలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి రానని మొండికేస్తే, మిగతావన్నీ ఉన్నా పెళ్లివారి దృష్టిలో వీడియో లేనట్టే. ఆ ఘట్టాన్ని మళ్లీ చేయించి తీయడానికి లేదు కదా.

‘వీఎల్‌సీ ప్లేయర్‌లో బాగానే ఆడుతోంది, ప్రీమియర్‌లోకి మాత్రం రావడం లేదు’ అన్నది ఎడిటర్ల దగ్గర తరచూ వినే మాట. వీఎల్‌సీ తన డీకోడర్లను తానే వెంట తెచ్చుకుంటుంది, చిన్నాచితకా లోపాలుంటే దాటేసి ముందుకు పోతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఏ ఫ్రేము దగ్గర కత్తిరించమన్నా సరిగ్గా అక్కడికే వెళ్లాలి కాబట్టి అనుమానం వస్తే ఫైలునే తిప్పి పంపుతుంది.

ఫైలు పేరు చివర ఎంపీ4 అనో ఎంకేవీ అనో ఉండేది పైసంచి పేరు మాత్రమే. గోతాం మీద సోనామసూరి అని రాసినంత మాత్రాన లోపలి బియ్యం మారవు. పేరు మార్చేసి ఎంకేవీని ఎంపీ4 చేశామనుకునేవాళ్లకు జరిగేదీ అంతే. ముందు మీడియాఇన్‌ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి కోడెక్ (బొమ్మను కుదించిన పద్ధతి), బిట్ డెప్త్, ఫ్రేమ్ రేట్ ఈ మూడూ చూడాలి. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో తీసిన ఎంకేవీ అయితే, అదే ఓబీఎస్‌లోని రీమక్స్‌తో సంచి మార్చుకోవచ్చు. బొమ్మను ముట్టుకోదు కాబట్టి నాణ్యత పోదు, పని నిమిషాల్లో అయిపోతుంది.

కోడెక్ తేడా అయితే అంత తేలిక కాదు. హెచ్.264 ప్రమాణం 2003 నాటిది, హెచ్.265 వచ్చింది 2013లో. 2017లో ఐఓఎస్ 11 వచ్చాక కొత్త ఐఫోన్లు సెట్టింగు మార్చకపోతే వీడియోను హెచ్.265లోనే దాస్తున్నాయి. చిత్తూరు పెళ్లికి అమెరికా నుంచి వచ్చిన బావమరిది ఫోన్‌లో తీసిన క్లిప్పు ఊళ్లో స్టూడియోలోని పాత కంప్యూటర్‌కు ఎక్కకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ఇంటెల్ చిప్పుల్లో 8-బిట్ హెచ్.265ను నేరుగా చదివే ఏర్పాటు 2015 నాటి ఆరో తరంతో వచ్చింది. ఇక 10-బిట్ 4:2:2 (రంగు వివరాలు ఎక్కువగా ఉంచే తీరు) మరీ పేచీ. 8 బిట్లలో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే 10 బిట్లలో 1024. మొత్తం రంగులు 1.67 కోట్ల నుంచి 107 కోట్లకు పెరుగుతాయి. కంచిపట్టు చీర జరీ నిగనిగకు అది మేలే. కానీ విండోస్‌లో డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ అలాంటి హెచ్.265 ఫైలును తెరవదు. అప్పుడు ప్రోరెస్ 422లోకి మార్చుకోవాలి, దానికి చోటు కావాలి: సెకనుకు 25 ఫ్రేముల 4కే గంటకు 220 జీబీ పైచిలుకు. అంత డిస్కు లేదంటే అదే ప్రోరెస్ 422లో 1080 ప్రాక్సీ (ఎడిటింగ్‌కు వాడే చిన్న నకలు) చేసుకుంటే గంటకు 55 జీబీతో సరిపోతుంది.

పాత కార్డుల గొడవ వేరు. ఫ్యాట్32 పద్ధతిలో ఒక ఫైలు 429,49,67,295 బైట్లు దాటదు. మొదట చెప్పిన 100 మెగాబిట్ల వేగానికి అది 5 నిమిషాల 43 సెకన్లు, ఆపైన కెమెరా ఇంకో ఫైలు మొదలుపెడుతుంది. ఏవీసీహెచ్‌డీ కెమెరాల్లో ఈ ముక్కలను మాత్రమే ఏరి కాపీ చేస్తే అతుకుల దగ్గర శబ్దం తెగొచ్చు. కార్డులోని ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు దించుకోవాలి.

అసలు గుండె జారే సందర్భం ఇంకొకటి. తాతయ్యగుంట గంగమ్మ జాతర చివరి తెల్లవారుజామున జనం తోపులాటలో బ్యాటరీ ఊడిందనుకోండి. ఫైలు ఉంది, సైజూ ఉంది, వీఎల్‌సీ కూడా తెరవదు. చాలా కెమెరాల ఎంపీ4లో బొమ్మలూ శబ్దమూ ‘ఎండాట్’ అనే భాగంలో ఎప్పటికప్పుడు పడుతుంటాయి. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే ‘మూవ్’ అనే సూచిక మాత్రం స్టాప్ నొక్కాకే కెమెరా రాస్తుంది. సెకనుకు 25 చొప్పున గంటకు 90,000 ఫ్రేములు, ఒక్కోదాని సైజు రాయడానికి 4 బైట్లు, అంటే 3.6 లక్షల బైట్లు. శబ్దం పట్టికలూ మిగతావీ కలిపినా కొన్ని ఎంబీలే. 45 జీబీ ఫైలు మూగబోయింది ఆ కాస్త లేకనే.

ఇక్కడ కన్వర్టర్లతో కుస్తీ పట్టడం శుద్ధ దండగ. సూచిక లేని ఫైలు వాటికీ అర్థం కాదు. కార్డు మీద ఇంకేమీ రికార్డు చేయకుండా ముందు దాని పూర్తి నకలు తీసుకోవాలి. తర్వాత కార్డును అదే కెమెరాలో పెట్టి చూడాలి, కొన్ని కెమెరాలు బాగుచేయమంటారా అని వాటంతటవే అడుగుతాయి. సోనీవి కొన్ని ఇలాంటి ఫైలును ఆర్‌ఎస్‌వీ పేరుతో వదిలేస్తాయి, పనికిరాదని తుడిచేయకండి. దారి దొరక్కపోతే అన్‌ట్రంక్ అనే ఉచిత సాధనం ఉంది. అది బాగున్న ఫైలొకటి చూసి, అదే తీరులో పాడైనదానికి సూచిక కట్టుకొస్తుంది. ఆ బాగున్న ఫైలు అదే కెమెరాతో, అదే కోడెక్, అదే రిజల్యూషన్, అదే ఫ్రేమ్ రేట్‌తో తీసినదై ఉండాలి. జాతరలో సెకనుకు 50 ఫ్రేములు పెట్టి, నమూనా 25లో తీసి ఇస్తే ఫలితం అనుమానమే. అదే రోజు తీసిన మరో క్లిప్పు చేతిలో ఉంటే అంతకంటే మంచి నమూనా దొరకదు. లేకపోతే వేరే కార్డు వేసి ఒక నిమిషం తీస్తే చాలు.