చిన్న కంతి.. రకరకాల వేషాలు

తెల్లవారుజామున లేచిన మనిషికి ఉన్నట్టుండి చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. పొంతన లేని మాటలు మాట్లాడతాడు, ఇంట్లోవాళ్ళను గుర్తుపట్టడు. ఒక్కోసారి ఫిట్సు కూడా వస్తాయి. ఎవరో గ్లాసెడు పంచదార నీళ్ళు తాగిస్తే కాసేపటికి ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటాడు. మన ఊళ్ళలో అయితే గాలి సోకిందని తాయెత్తు కడతారు. కాస్త తెలిసినవాళ్ళు మూర్ఛ అని మాత్రలు మింగిస్తారు. కడుపులో, క్లోమంలో, రేగిపండంత కంతి ఉండవచ్చునని ఎవరికి తడుతుంది?

ఆ కంతి వేళాపాళా లేకుండా ఇన్సులిన్ ఊరిస్తుంది. రాత్రంతా కడుపు ఖాళీగా ఉండేసరికి రక్తంలో చక్కెర పడిపోతుంది. మెదడుకు ఆహారం ఆ చక్కెరే కదా! దీన్ని ఇన్సులినోమా అంటారు. పదింట తొమ్మిది క్యాన్సర్ కానివే. కోసి తీసేస్తే మనిషి బాగుపడతాడు. 1929లోనే కెనడాలోని టొరంటోలో రోస్కో గ్రాహం అనే సర్జన్ ఆ పని చేసి చూపించారు.

న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్లు అనే కుటుంబంలో ఇదొకటి. ‘న్యూరో’ అనగానే అందరూ మెదడు జబ్బనుకుంటారు. హిందీ నటుడు ఇర్ఫాన్ ఖాన్ (మన ‘సైనికుడు’ సినిమాలో విలన్‌గా చేశారు) 2018 మార్చిలో తనకు ఈ కంతి ఉందని ప్రకటించినప్పుడు, న్యూరో అంటే ప్రతిసారీ మెదడని కాదని ఆయనే చెప్పవలసి వచ్చింది. ఆయన 2020 ఏప్రిల్ 29న కన్నుమూశారు.

అసలు సంగతేమంటే, కొంత నరాల పోలిక, కొంత గ్రంథుల గుణం ఉన్న కణాలు మన ఒంట్లో చాలాచోట్ల ఉన్నాయి. పొట్ట, పేగులు, అపెండిక్స్, క్లోమం, ఊపిరితిత్తులు.. ఎక్కడైనా అవి కంతి కట్టవచ్చు. 1907లో ఓబెర్న్‌డోర్ఫర్ అనే జర్మన్ వైద్యుడు వీటికి ‘కార్సినాయిడ్’, అంటే క్యాన్సర్ వంటిది, అని పేరు పెట్టారు. హాని చేయవనుకున్నారు. ఒంట్లో పాకేవీ ఉన్నాయని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

చిన్నపేగులో పుట్టే కంతి సెరొటోనిన్ వంటి రసాయనాలను వదులుతుంది. పేగుల రక్తం ముందు కార్జంలోకి పోతుంది గనుక అవి అక్కడే విరిగిపోతాయి. అందుకే ఏళ్ళ తరబడి ఏ బాధా తెలియకపోవచ్చు. కంతి కార్జానికి పాకాకనే అసలు గొడవ. మొహం, మెడ ఎర్రగా కందిపోతాయి. నీళ్ళ విరేచనాలు ఆగవు. పిల్లికూతల ఆయాసం వస్తుంది. పోనుపోను గుండె కుడివైపు కవాటాలు బిగుసుకుపోయి కాళ్ళకు వాపులొస్తాయి.

మొహం కందితే ముట్లుడిగే వయసంటారు. విరేచనాలకు పేగు జబ్బంటారు. ఆయాసానికి ఉబ్బసమంటారు. ముగ్గురు డాక్టర్లు, మూడు జబ్బులు! ఆ మూడూ ఒకే డాక్టరు చెవిన పడితేగాని ముడి విడదు. అసలు ఏ రసాయనమూ వదలని కంతులూ ఉన్నాయి, అవి వేరే దేనికో తీసిన స్కానులో బయటపడతాయి.

అనుమానం వస్తే 24 గంటల మూత్రం పట్టి పరీక్షిస్తారు. దానికి ముందు అరటిపండు, టమాటా, అనాస తినకూడదు, తింటే లెక్క తప్పుతుంది. గాలియం అనే మందు ఎక్కించి తీసే స్కానులో కంతి ఎక్కడుందో కనిపిస్తుంది. ఆపరేషన్‌కు వీలుంటే అదే మేలు. లేదంటే నెలకొక ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్‌తో విరేచనాలు, మొహం కందడం అదుపులోకి తెస్తారు. కంతిని వెతుక్కుంటూ పోయి రేడియేషన్ ఇచ్చే ల్యుటీషియం మందు కూడా ఉంది. ఆ ల్యుటీషియం ముంబయిలోని ట్రాంబే అణు కేంద్రంలోనూ తయారవుతోంది. అందరికీ పూర్తిగా నయమవుతుందని కాదు. కానీ చాలా కంతులు నెమ్మదిగా పెరిగేవే. త్వరగా పట్టుకుంటే ఏళ్ళు చేతికొస్తాయి.

విరేచనాలైన ప్రతివాడికీ ఈ జబ్బని బెంగపడనక్కర్లేదు, ఇది అరుదే. కానీ షుగరు మందులు వాడని మనిషి పరగడుపున మళ్ళీ మళ్ళీ తూలిపోతుంటే, దగ్గరలో షుగరు చూసే మిషన్ ఉంటే ముందు ఒక చుక్క రక్తం చూడండి. లేకపోతే పంచదార ఆపవద్దు. స్పృహ లేనివాడి నోట్లో మాత్రం నీళ్ళు పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మిషన్ చూపిన అంకె, అప్పటి టైము కాగితం మీద రాసుకుని డాక్టరు చేతికివ్వండి.