బొమ్మ నిలవాలంటే బాగా కడగాలి

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఏ పాత యింట అడుగుపెట్టినా నడవలో పెద్దల ఫోటోలు కనిపిస్తాయి. చందనం, కుంకుమ, పూలదండ - మర్యాదకేం లోటు లేదు. లోటల్లా బొమ్మకే! ఒక పటంలో తాతగారి తలపాగా అంచుతో సహా స్పష్టంగా వుంటుంది. పక్క పటంలో అవ్వ ముఖం పచ్చని మరకగా మిగిలి వుంటుంది. రెండూ ఒకే గోడమీద వున్నవే. నెగెటివు ఎప్పుడో పోయింది. ఆ అవ్వకు మరో ఫోటో లేదు. మరి ఎందుకీ తేడా?

నాకు ఈ సంగతి బాగా బోధపడింది శ్రీకాళహస్తిలో కలంకారీ పని చూసినప్పుడు. గుడ్డను ముందు కరక్కాయ రసం, పాలు కలిపి అందులో నానబెడతారు. పాలవల్ల రంగు పాకదు. ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి వూరవేసిన కసింతో గీత గీస్తే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఆపైన పటిక, వేళ్ళ రంగులు. ఇవన్నీ ఒక ఎత్తు, కడగడం ఒక్కటీ ఒక ఎత్తు. పట్టని రంగు పూర్తిగా వదిలేవరకు పారే నీటిలో జాడించాలి. స్వర్ణముఖి ఒడ్డు వూరికి ఈ విద్య అబ్బడంలో ఏటినీటికీ వాటా వుందన్నమాట.

ఫోటో కథా ఇంతే. నలుపు తెలుపు ఫోటో కాగితంమీద వెండి లవణం పూత వుంటుంది. వెలుగు తగిలిన చోట అది మందులో ముంచగానే నల్లని వెండిగా మారుతుంది. మిగిలిన లవణాన్ని హైపో కరిగిస్తుంది. హైపోకు ఆ గుణం వుందని 1819లో కనిపెట్టినవాడు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్. కాని పని తీరిన హైపో కాగితంలోనే దాగివుంటే, దానిలోని గంధకం కొన్నేళ్ళకు వెండిని తినేస్తుంది. ఫోటోలు ఎందుకు వెలిసిపోతున్నాయో తేల్చడానికి 1855లో లండను ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఒక సంఘాన్నే వేసింది. సంఘం పట్టుకున్న దొంగల్లో ముఖ్యుడు సరిగా కడగని హైపోయే! తేమ, గంధకపు గాలి దానికి తోడుదొంగలు. అవ్వ ఫోటోను ఏ పెళ్ళిళ్ళ రద్దీలోనో తొందరగా కడిగి ఆరవేశారు కాబోలు.

ఇనుముతోనూ ఫోటోలు అచ్చువేయవచ్చు. 1842లో హెర్షెలే ఆ నీలి పద్ధతిని కనిపెట్టాడు. ఇంజనీర్ల బ్లూప్రింటు దాని సంతతే. ఇనుప లవణాలు పూసిన కాగితాన్ని నెగెటివు కింద ఎండలో వుంచి, ఉత్త నీటితో కడిగితే చాలు. ఆ నీలిబొమ్మను వగరు కషాయంలో ముంచితే నలుపుకు తిరుగుతుంది. కాళహస్తి కసిం గుర్తుకు రావడం లేదూ? 1873లో విలియం విల్లిస్ ప్లాటినం పద్ధతికి పేటెంటు పొందాడు. అక్కడా ఇనుము పని చేసి పెట్టి, చివరకు పల్చని ఆమ్లంలో కడుక్కుపోతుంది. ప్లాటినం మాత్రం కాగితపు నారలో నిలిచిపోతుంది. అది వెలిసేది కాదు.

ఇప్పుడు మన చేతిలో వున్న ఉపాయం ఏమిటి? పాత ఫోటోను స్కాను చేయించి, ఆమ్లం లేని నూలు కాగితంమీద పిగ్మెంటు సిరాతో అచ్చు వేయించండి. మామూలు డై సిరాకన్న అది చాలాకాలం నిలుస్తుంది. గోడకు ఆ నకలు తగిలించి, అసలును తేమ, ఎండ తగలని పెట్టెలో దాచండి. అద్దం బొమ్మకు అంటుకోకుండా మధ్య అట్ట అంచు వుండాలి. మైదాజిగురుతో అతికించవద్దు, పురుగులకు విందు పెట్టినట్లే. కర్పూరపు పొగకు దూరంగా వుంచండి.

ఇంకొక్క పని. ఫోటో వెనుక ఒక మూల మెత్తని పెన్సిలుతో పేరు, వూరు, సంవత్సరం వ్రాయండి. బొమ్మ వందేళ్ళు నిలిచినా, అందులో వున్నది ఎవరో చెప్పేవారు యింట్లో అంతకాలం వుండరు కదా!