దిగగానే రైలెక్కేద్దాం!

శాలిబండ క్లాక్ టవర్ దగ్గర క్యాబెక్కితే శంషాబాద్ ఎప్పుడు చేరతామో ట్రాఫిక్కే చెప్పాలి. ఎయిర్‌పోర్టు 2008లో మొదలైంది. రైలు మాత్రం ఇంకా రాలేదు. పాతబస్తీ మెట్రోకు 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. ప్లాన్‌లో శాలిబండ స్టేషన్ కూడా ఉంది.

మరి యూరప్‌కి వెళ్తే? అక్కడ చాలాచోట్ల ఈ తిప్పలు లేవు. కానీ ఊరిని చూసి ఎంచుకోవాలి. దొరికేదే నాలుగు రోజుల సెలవు. అందులో రెండు పూటలు దారిలోనే పోతే చూసేదేముంటుంది?

ఆమ్‌స్టర్‌డామ్: స్టేషన్ ఎయిర్‌పోర్టు కిందే. సెంట్రల్‌కు పావుగంట చిల్లర.

జ్యూరిక్: ఇంకా దగ్గర. పది, పన్నెండు నిమిషాలు చాలు.

కోపెన్‌హాగన్: రైల్లో పావుగంట. మెట్రో కూడా ఉంది.

వియన్నా: ‘క్యాట్’ రైలుకు 16 నిమిషాలు. అదే స్టేషన్‌కు ‘ఎస్7’ లోకల్ కాస్త నిదానంగా వెళ్తుంది, టికెట్ మాత్రం చాలా చవక.

ఈ నాలుగింటికీ ఒకే షెంజెన్ వీసా సరిపోతుంది.

యూరప్‌లో ఊరి నుంచి ఊరికి చవక ఫ్లైట్ కనబడగానే మురిసిపోకండి. ‘పారిస్ బోవే’ అంటే పారిస్‌కు దాదాపు 80 కిలోమీటర్లు. ‘ఫ్రాంక్‌ఫర్ట్ హాన్’ అయితే సుమారు 120! టికెట్‌లో మిగిలింది బస్సుకీ, టైముకీ పోతుంది. అందుకే ఊరి పేరు కాదు, ఎయిర్‌పోర్టు పేరు చదవండి. రాత్రి దిగేవాళ్లు చివరి రైలు టైమ్ కూడా చూసుకోవాలి.

తిరిగొచ్చాక మాత్రం శాలిబండకు మళ్లీ క్యాబే!