మిర్చి కల్లం దగ్గర రాత్రి నిద్రా? దోమతెర గది ఇలా కట్టుకోండి.. దోమలే కాదు, పాము భయమూ తగ్గుతుంది!

జనవరి దాటిందంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి రైతు రాత్రి నిద్ర ఇంట్లో ఉండదు.. కల్లం దగ్గరే. కోసిన కాయ ఎండి, బస్తాకెక్కి, గుంటూరు మిర్చి యార్డుకు చేరేదాకా కాపలా తప్పదు. పగలు కాయ తిరగేయాలి. సాయంత్రానికి కుప్ప చేసి మంచు తగలకుండా టార్పాలిన్ పట్టా కప్పాలి. రాత్రి దొంగ భయం, వాన భయం. అందుకే కుప్ప పక్కనే మంచం వేసుకుంటారు.

ఇంకోవైపు కూలీలు. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి ఏటా వేల కుటుంబాలు పత్తి తీతకు, మిర్చి కోతలకు ఇటు వలస వస్తాయి. అక్కడి వాళ్లు దీన్నే 'సుగ్గికి పోవడం' అంటారు. పిల్లాపాపలతో వచ్చి పొలం గట్ల మీద, ఊరి చివర ఖాళీ జాగాల్లో గుడారాలు వేసుకుంటారు. నాలుగు కర్రలు, ఒక పట్టా.. అదే ఇల్లు. నెలల తరబడి అందులోనే వంట, అందులోనే నిద్ర.

ఈ రెండు చోట్లా వాన నుంచి, మంచు నుంచి కాపాడుకునే ఏర్పాటు ఏదో ఒకటి ఉంటుంది. లేనిది ఒక్కటే.. దోమ, పురుగు, పాము లోపలికి రాకుండా అడ్డు. తక్కువ ఖర్చుతో ఆ అడ్డు ఎలా కట్టుకోవాలో చూద్దాం.

అమెరికాలో ఏం చేస్తారు?

అక్కడ సెలవులకు వెళ్లేవాళ్లు కారు వెనక ఒక మడత బండి తగిలించుకుంటారు. దాన్ని పాపప్ క్యాంపర్ అంటారు. చేరిన చోట పైకప్పు పైకి లేపితే పక్కల నుంచి గుడ్డ గోడలు విచ్చుకుంటాయి, మంచాలు బయటికి వస్తాయి. ఆ బండి తలుపు ముందు ఇంకో గది కడతారు. దాని పేరు స్క్రీన్ రూమ్. నాలుగు వైపులా జాలీ, పైన గుడ్డ కప్పు. గాలి వస్తుంది, దోమ రాదు. సాయంత్రం పూట కూర్చోవడానికి, తినడానికి అదే వసారా.

అందులో మనం పట్టుకోవాల్సిన కిటుకు ఒక్కటే. పడుకునే చోటికి, బయటి చీకటికి మధ్య ఒక జాలీ గది ఉంటే తలుపు తీసిన ప్రతిసారీ దోమలు నేరుగా పక్క మీదికి రావు. మన ట్రాక్టర్ ట్రక్కుకు పట్టా కట్టినా, గట్టు మీద గుడారం వేసినా దాని ముందు ఇలాంటి జాలీ వసారా కట్టుకోవచ్చు.

ఏ జాలీ కొనాలి?

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. నర్సరీల మీద కప్పే పచ్చ షేడ్ నెట్ తెచ్చి కట్టేస్తారు. అది ఎండ తగ్గించడానికి చేసింది. అల్లిక వదులుగా ఉంటే దోమ హాయిగా దూరిపోతుంది. దోమతెర గుడ్డే తీసుకోండి. చదరపు అంగుళానికి 156 రంధ్రాలు ఉండటం దోమతెరలకు వాడుకలో ఉన్న లెక్క. రంధ్రాలు మరీ చిన్నవైతే గాలి ఆడదు, వేసవి రాత్రి ఉక్కపోస్తుంది.

మందు పట్టించిన దోమతెరలూ ఉన్నాయి. డెల్టామెథ్రిన్, ఆల్ఫా సైపర్‌మెథ్రిన్ లాంటి మందులు దారంలోనో, దారం పైపూతగానో ఉంటాయి. దోమ వాలితే చచ్చిపోతుంది. ఈ రకం తెర సుమారు 20 ఉతుకుల వరకు, దాదాపు 3 ఏళ్లు పనిచేసేలా తయారవుతుంది. కొత్తది విప్పగానే ఒక రోజు నీడలో ఆరేయండి. ఉతికేటప్పుడు మామూలు సబ్బు, చల్లటి నీళ్లు చాలు. బ్లీచింగ్ వద్దు, ఎండలో ఆరేయొద్దు. చెరువులో, కాలవలో అసలు ఉతకొద్దు, ఆ మందు చేపలకు విషం.

పొలంలో కొట్టే పురుగు మందును నీళ్లలో కలిపి మామూలు తెరకు పట్టించే పని మాత్రం చేయొద్దు. అది మనుషులు, పసిపిల్లలు రాత్రంతా పీల్చేందుకు చేసిన మందు కాదు.

కట్టే పద్ధతి ఇదీ..

1. జాగా: కాస్త ఎత్తుగా, నీరు నిలవని చోటు చూడండి. కరెంటు తీగల కింద వద్దు. పత్తి కట్టె మోపులకు, ఎలుక బొరియలున్న గట్లకు దూరంగా ఉండాలి. మిర్చి ఘాటు మీదికి రాకుండా, గాలి మీ వైపు నుంచి కుప్ప వైపు వీచేలా చూసుకోండి.

2. కర్రలు: ఐదారుగురికి 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు సరిపోతుంది. నాలుగు మూలలా వెదురు కర్రలు అడుగున్నర లోతున పాతండి. ముందు కర్రల కంటే వెనకవి అడుగు తక్కువ ఎత్తు ఉంటే వాన నీరు వెనక్కి జారిపోతుంది.

3. కప్పు: పైన టార్పాలిన్, దాని కింద జానెడు ఖాళీ వదిలి దోమతెర. రెండూ అంటుకుంటే మంచు నీరు తెర మీదికి దిగుతుంది.

4. అంచు: ఇదే అసలు కీలకం. తెర నేలకు సరిగ్గా ఆని ఆగిపోకూడదు. కనీసం అడుగు గుడ్డ నేల మీద పరుచుకోవాలి. దాని మీద ఇసుక నింపిన పాత ఎరువు సంచులు వరసగా పెట్టండి. సంచుల మధ్య వేలు దూరే సందు కూడా ఉండొద్దు.

5. తలుపు: ఒక చీలిక పెట్టి వదిలేస్తే తెర కట్టినా దండగే. రెండు తెరలు ఒకదాని మీద ఒకటి రెండు అడుగులు పడేలా వేయండి. కింద అంచుకు గొలుసు ముక్కో, చిన్న రాళ్లో కుట్టేస్తే గాలికి లేవదు.

6. లోపల: నేల మీద కాదు, మంచం మీదే పడుకోండి. మంచం లేకపోతే పక్క చుట్టూ ఇంకో చిన్న తెర కట్టి అంచులు చాప కిందికి దోపేయండి. ట్రాక్టర్ ట్రక్కులో పడుకునేవాళ్లు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టడం మర్చిపోవద్దు.

పాముకీ దోమతెరకీ ఏంటి సంబంధం?

చాలా ఉంది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. ఎలుకల కోసం, కప్పల కోసం పొలాలకు, ఇళ్లకు వస్తుంది. నేల మీద పడుకున్న మనిషిని నిద్రలోనే కాటేస్తుంది. ఆ కాటు పెద్దగా నొప్పి పుట్టదు, వాపు కనిపించదు. 'ఏదో పురుగు కుట్టింది' అనుకుని మళ్లీ పడుకునేవాళ్లు ఉన్నారు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి అందదు. నేపాల్‌లో పరిశోధకులు గ్రామాల్లో తిరిగి చేసిన అధ్యయనంలో దోమతెర కింద పడుకునేవాళ్లకు పాము కాటు ముప్పు బాగా తక్కువని తేలింది. అంచు గట్టిగా దోపిన తెర తేలునీ, జెర్రినీ కూడా ఆపుతుంది.

పాము కాటేసిందని అనుమానం వచ్చినా చాలు, వెంటనే 108కి ఫోన్ చేయండి. కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, నాటు మందు.. ఏవీ వద్దు. మనిషిని నడిపించకుండా, కాటు పడ్డ చెయ్యి లేదా కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర లాంటి ప్రధాన విషసర్పాల కాటుకు ఒకే విరుగుడు ఇంజెక్షన్ ఉంటుంది. ఏ పామో తెలియకపోయినా చికిత్స ఆగదు. పామును వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు.

తెర రాత్రికే కాదు, పగలు కూడా..

మలేరియా దోమ రాత్రి కుడుతుంది. డెంగీ దోమ మాత్రం పగలు కుడుతుంది. తల్లులు కోతకు వెళ్తే చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో పసిబిడ్డ పడుకుని ఉంటుంది. ఆ ఉయ్యాల చుట్టూ ఒక తెర ముక్క కట్టండి. మందు కొట్టే డ్రమ్ముల్లో నీరు నిలవ ఉంచొద్దు. దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి డ్రమ్ములు, తొట్లు ఖాళీ చేసి ఆరబెడితే సగం బాధ తీరుతుంది.

దోమ వల్లే మలేరియా వస్తుందనడానికి తొలి ఆధారం దొరికింది మన తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ క్రిమిని గుర్తించారు. 2030 నాటికి మలేరియాను పూర్తిగా లేకుండా చేయాలన్నది మన దేశం పెట్టుకున్న లక్ష్యం. చలితో జ్వరం వస్తే మాత్ర వేసుకుని పనిలోకి పోవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్త పరీక్ష, మందులు ఉచితమే. వలస వచ్చినవాళ్లకూ అంతే. ఊళ్లోని ఆశా కార్యకర్తకు గుడారాలు ఎక్కడున్నాయో ఒక్క మాట చెప్పి ఉంచండి.

నిప్పుతో జాగ్రత్త

దోమతెర నైలాన్ లేదా పాలిస్టర్ గుడ్డ. నిప్పు తగిలితే క్షణాల్లో కరిగి ఒంటికి అంటుకుంటుంది. అందుకే పొయ్యి, కిరోసిన్ దీపం, బీడీ, దోమల కాయిల్.. ఏవీ తెర లోపల ఉండకూడదు. పొయ్యి కనీసం 10 అడుగుల దూరంలో, గాలికి కింది వైపు పెట్టండి. వెలుతురుకు సోలార్ లైటు వాడండి. అదీ బయటే, కాస్త దూరంగా వేలాడదీస్తే పురుగులన్నీ అటే పోతాయి. పురుగు మందు డబ్బాలు గుడారంలో దాచొద్దు.

ఇంకో మాట. ఈ గది పిడుగును ఆపదు. వేసవిలో ఉరుములు మొదలైతే వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లిపోండి. పిడుగు హెచ్చరికలకు 'దామిని' యాప్ ఫోన్‌లో ఉంచుకోండి.

రైతన్నలకు ఒక మనవి

కూలీల రాకపోకలకు, మేస్త్రీకి ఎలాగూ ఖర్చు పెడుతున్నారు. కాయ తడవకుండా పట్టాలు కొంటున్నారు. అదే లెక్కలో గుడారానికో దోమతెర కూడా రాసుకోండి. మడిచి దాస్తే వచ్చే ఏడూ పనికొస్తుంది. జ్వరం వచ్చి ఓ మనిషి పడిపోతే ఆ కుటుంబానికి వారం కూలి పోతుంది, మీ కాయ చెట్టు మీదే ఉండిపోతుంది. కుప్ప మీద కప్పే పట్టా ఎంత అవసరమో, దాన్ని కోసిన మనిషి పక్క చుట్టూ కట్టే తెర కూడా అంతే అవసరం.