‘వన్స్‌మోర్’ అనడానికి వీలున్న పాఠం

మా మైలవరం పేరు చెబితే పాతతరం వాళ్ళకు నాటకాలు గుర్తొస్తాయి. గత శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఇక్కడి జమీందారుల ప్రాపకంలో బాలభారతీ నాటక సమాజం వెలిగింది. ఆ రోజుల్లో పద్యం బాగుంటే జనం ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసేవారట. నటుడు మళ్ళీ అందుకునేవాడు.

పద్యానికున్న ఆ సౌకర్యం పాఠానికి లేదే అని నాకు పోయినేడు అనిపించింది. నిండు క్లాసులో ఓ ఆడపిల్ల లేచి ‘సార్, అర్థం కాలేదు, మళ్ళీ చెప్పరూ’ అనగలదా? పక్కవాళ్ళు నవ్వుతారని భయం. సారు విసుక్కుంటారేమోనని బెరుకు.

మా పక్కింటి అమ్మాయి సంగతే చూడండి. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మన రాష్ట్రంలో 2021-22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియంలోకి మారింది కదా! ‘ద్రవాభిసరణ’ అని చదువుకున్న పిల్లకు ‘ఆస్మాసిస్’ అన్నారు. ‘సమవిభజన’ కాస్తా ‘మైటోసిస్’ అయింది. తెలిసిన విషయమే తెలియని వేషం వేసుకొచ్చింది. మొదటి సెమిస్టర్‌లో బోటనీ పోయింది. ‘ఇక చదివింది చాల్లే, సంబంధాలు చూద్దాం’ అన్నాడు తండ్రి.

‘నువ్వు డిగ్రీలో బీజెడ్‌సీ చదివావుగా చెల్లీ, కాస్త దాన్ని కూర్చోబెట్టు’ అంటూ వచ్చింది వాళ్ళమ్మ. నా చదువు ఎప్పుడో అటకెక్కింది. అయినా కాదనలేక, ఫోను ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం.

ముందుగా ఓ మామూలు వీడియో పాఠం చూశాం. నలభై నిమిషాలు. పిల్ల బుద్ధిగా తల ఊపుతూ చూసింది. ‘అర్థమైందా?’ అంటే ‘ఆఁ, అంతా అర్థమైంది పిన్నీ’ అంది. ‘అయితే నాకు చెప్పు’ అన్నాను. నోట మాట లేదు. నాకు నవ్వొచ్చింది. టీవీలో వంటల కార్యక్రమం చూస్తున్నంతసేపూ మనకూ ఆ వంట వచ్చేసినట్టే ఉంటుంది. పొయ్యి దగ్గరికి వెళ్ళాకే అసలు సంగతి తెలిసేది!

మాగాయ చెప్పిన జవాబు

మర్నాడు వేరే రకం వీడియో పెట్టాం. ఇది నాలుగు నిమిషాలు నడిచి టక్కున ఆగిపోయింది. తెరమీద ప్రశ్న వచ్చింది: ‘మొక్క కణాన్ని చిక్కటి ఉప్పునీటిలో వేస్తే ఏమవుతుంది?’ జవాబు నొక్కితే గానీ ముందుకు కదలదు. పిల్ల ‘ఉబ్బుతుంది’ అని నొక్కింది. తప్పు. విసుగూ లేదు, వెక్కిరింపూ లేదు. వీడియో తనే వెనక్కి వెళ్ళి ఆ ముక్కే మళ్ళీ చూపించింది.

పక్కనే చిక్కుళ్ళు వలుస్తున్న నాయనమ్మ ‘ఏమిటే ఆ గొడవ?’ అంది. పిల్ల తెలుగులో చెప్పింది. ‘ఓసి పిచ్చిదానా! మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగదుటే? ముక్క వడిలిపోదూ?’ అంది ఆవిడ.

అదే కదా ఆస్మాసిస్! కణం పొర నీటిని దాటనిస్తుంది, ఉప్పును అంత తేలిగ్గా రానివ్వదు. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీరు బయటికొచ్చేస్తుంది. కణం ముడుచుకుంటుంది. పిల్ల కాసేపు ఆలోచించి ‘అయితే కిస్‌మిస్‌లు నీళ్ళలో వేస్తే ఉబ్బడం దీనికి తిరగేసిందేగా పిన్నీ’ అంది. నలభై నిమిషాల వీడియో రాబట్టలేని మాట ఒక్క ప్రశ్న రాబట్టింది.

ఆగి అడగడంలోనే కిటుకు

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2013లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. 21 నిమిషాల గణాంకశాస్త్ర పాఠం వీడియోను నాలుగు ముక్కలు చేశారు. ముక్క ముక్కకూ మధ్య కొందరికి చిన్న పరీక్ష పెట్టారు, కొందరికి పెట్టలేదు. పరీక్ష లేనివాళ్ళ మనసు పాఠం మీంచి పక్కకు పోవడం నూటికి 40 సార్ల దాకా కనిపిస్తే, పరీక్ష ఉన్నవాళ్ళలో అది 19కి తగ్గింది. వాళ్ళు నోట్సు ఎక్కువ రాసుకున్నారు, చివరి పరీక్షలో మార్కులూ ఎక్కువే తెచ్చుకున్నారు.

2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజనీరింగు, లెక్కల తరగతుల మీద వచ్చిన 225 అధ్యయనాలను కలిపి చూసింది. ఊరికే వింటూ కూర్చున్న తరగతుల్లో నూటికి 34 మంది దాకా తప్పితే, పిల్లల చేత ఏదో ఒకటి చేయించి, చెప్పించే తరగతుల్లో 22 మందే తప్పారు. అంటే గొప్పతనం వీడియోది కాదు, ప్రశ్నది. ఆగకుండా సాగిపోయే వీడియో, ఆగకుండా చెప్పుకుపోయే మాస్టారు ఒకటే.

మనకు అందుబాటులో ఉన్నవి

కేంద్ర ప్రభుత్వం 2017 జూలై 9న ప్రారంభించిన ‘స్వయం’లో కోర్సుల్లో చేరి నేర్చుకోవడం ఉచితం. సర్టిఫికెట్ కోసం రాసే పరీక్షకే రుసుము. వీడియోతో పాటు చదువుకునే పాఠం, మనల్ని మనం పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాలు అడిగే చోటు కూడా ఉంటాయి. ప్రయోగాల కోసం అమృత విశ్వవిద్యాపీఠం వారి వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి.

అన్నిటికంటే మంచిది తన లెక్చరరే తయారుచేసిన వీడియో అంటాను నేను. తీసిన వీడియో మధ్యలో ప్రశ్నలు పెట్టడానికి ‘హెచ్‌5పి’ లాంటి ఉచిత సాధనాలు ఉన్నాయి. మాగాయ పేరుతో అడిగి, ఆస్మాసిస్ అనే మాటతో ముగించే పాఠం మన ఊరి మేడమ్ కాక ఇంకెవరు చేస్తారు?

తెర చూపేది, చెయ్యి నేర్చుకునేది

నా చదువు రోజుల్లో మైనపు ట్రేలో బొద్దింకను గుచ్చి కోసిన వాసన ఇప్పటికీ గుర్తే. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ జంతుశాస్త్ర కోర్సుల్లో అలాంటి కోతలు ఆపాలంది. ఆ పని తెర చేస్తే సంతోషమే. కానీ రియో ఆకు అడుగున ఊదారంగు పొరను ఒలిచి, ఉప్పునీటి చుక్క వేసి, ఆ రంగు ముడుచుకుపోవడం మైక్రోస్కోపులో స్వయంగా చూడాలి. మా అమ్మాయి కాలేజీ తెరిచాక అది చూసొచ్చి ‘మాగాయ కనిపించింది పిన్నీ!’ అంది. వీడియో ఉంది కదా అని ల్యాబుకు తాళం వేస్తే మాత్రం పిల్లలకు అన్యాయం చేసినట్టే.

మన వంతు

వీడియో ఉంటే చాలదు. చూసే వీలుండాలి. చాలా ఇళ్ళల్లో మంచి ఫోను నాన్న జేబులోనో, అన్న చేతిలోనో ఉంటుంది. ఆడపిల్ల పట్టుకుంటే అనుమానం. సాయంత్రం ఒక్క గంట ఫోను ఇవ్వండి. ఆ గంటలో ‘అంట్లు తోముదువు గాని రా’ అని పిలవకండి. చూశాక ‘వీడియో ఈరోజు ఏమడిగింది?’ అని మాత్రం అడగండి. మీకు బోటనీ రాకపోయినా ఫర్వాలేదు. చెప్పడానికి ఓ మనిషి ఉందంటే పిల్ల శ్రద్ధగా చూస్తుంది.

మా అమ్మాయి రెండోసారి రాసి ఆ సబ్జెక్టు గట్టెక్కింది. ఫస్టు మార్కులేమీ కాదు, పాసు మార్కులే. కానీ సంబంధాల మాట వాయిదా పడింది.

మొన్న వేసవిలో మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తూ నాయనమ్మ ‘ఏదీ, ఆ కణం కథ మళ్ళీ చెప్పవే’ అంది. పిల్ల మళ్ళీ చెప్పింది. ఈసారి ఇంగ్లీషు మాటలతో సహా!